నా చేత్తో పెట్టిన ఫాల్టు

నిచ్చెన ఎక్కడం రాకుండానే ఫైబర్ టెక్నీషియన్లు అయిపోయిన తమ్ముళ్లారా, మీ మీద నాకు కోపమేమీ లేదు. కాలం అలాంటిది. మమ్మల్ని మాత్రం టెలిఫోన్ శాఖలో చేర్చుకున్న మొదటి రెండేళ్లూ గునపం ఇచ్చి గుంతలే తవ్వించారు. స్తంభం ఎక్కే యోగం ఆ తర్వాతే. గురజాల ఎక్స్చేంజిలో లైన్‌మన్‌గా పనిచేసినంత కాలం ఏ వీధికి ఏ స్తంభం నుంచి లైను పోతుందో కాగితం చూడకుండా చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెప్పగలను, కావాలంటే పరీక్ష పెట్టండి. గొప్పలు చెబుతున్నాననుకోకండి అనను. గొప్పలే చెబుతున్నాను. రిటైరైనవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుంది.

సర్వీసులో కొన్ని వేల ఫాల్టులు తీసి ఉంటాను. పిడుగు పడి మాడిపోయినవి, లారీ తగిలి తెగినవి, ఉడతలు కొరికినవి. అవన్నీ మరచిపోయాను. మరచిపోనిది ఒక్కటే. అది నేను తీసిన ఫాల్టు కాదు, నేను పెట్టిన ఫాల్టు.

ఇంటింటికీ ఫైబర్ వచ్చాక మా పనిలోకి ఒక కొత్త ఆచారం వచ్చింది. మా ఎక్స్చేంజిలో దాన్ని మేము ‘అమ్మ ఫాల్టు’ అనుకునేవాళ్లం. పరీక్షలు దగ్గర పడగానే ఎవరో ఒక తల్లి ఎక్స్చేంజి బయట వేపచెట్టు కిందికి వచ్చి నిలబడేది. “అన్నా, మా పిల్లోడు రాత్రింబగళ్లు దాంట్లోనే ఉంటన్నాడు. నేను కట్టేస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. నువ్వే ఏదో ఫాల్టు అని చెప్పి నెల రోజులు ఆపన్నా” అనేది. నేను వాళ్ల వీధి స్తంభం ఎక్కి, డబ్బా తెరిచి, వాళ్లింటి తీగ ఊడదీసి వచ్చేవాణ్ణి. ఇంట్లో మోడెం మీద ఎర్ర లైటు వెలిగేది. పిల్లవాడు ఫోన్ చేస్తే కేబులు తెగిందని చెప్పేవాణ్ణి. పరీక్షలయ్యాక మళ్లీ తగిలించేవాణ్ణి. తల్లులు దండం పెట్టేవాళ్లు. తర్వాత భార్యలు వచ్చారు, భర్తలు వచ్చారు, ఒకసారి ఒక అత్తగారు కూడా వచ్చింది. నేనెవరినీ కాదనలేదు. సంఘానికి సేవ చేస్తున్నాననే అనుకున్నాను, అబద్ధం ఎందుకు?

మా జాయింటరు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. వెంట్రుకలాంటి గాజు తీగల్ని మిషన్‌లో పెట్టి అతికించే పని అతనిది. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మాట తక్కువ మనిషి. “అన్నా, మనకి ఫాల్టు తీయమని జీతం ఇస్తన్నారు. పెట్టమని కాదు” అనేవాడు. నేను నవ్వేసేవాణ్ణి.

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక ఆదివారం సాయంత్రం, దాచేపల్లి రోడ్డులో ట్రాక్టర్ల షెడ్డు నడిపే కుర్రాడు టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. కుర్రాడంటే ముప్పై రెండేళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ల నాన్న నాకు బాగా తెలిసిన మనిషి. గురజాల చుట్టుపక్కల ఆయిలింజన్లు, ట్రాక్టర్లు ఉన్న ప్రతి రైతుకీ తెలిసిన ముస్లిం మేస్త్రి. మా ఎక్స్చేంజి జనరేటర్ ఎన్నిసార్లు మొండికేసినా ఆయనే వచ్చి నిలబెట్టాడు. ఇంజన్ దగ్గరికి రాకముందే, గేటు దగ్గర నిలబడి దాని చప్పుడు విని జబ్బు ఏమిటో చెప్పేవాడు.

“బాబాయ్, మా అబ్బా సంగతి నువ్వే చూడాలి” అన్నాడు కుర్రాడు. “రెండేళ్లయింది షెడ్డుకి రాక. పొద్దున లేస్తే ఫోను, పడుకునేదాకా ఫోను. అన్నం ముందు పెట్టుకుని గూడా అదే. పలకరిస్తే ఊ అంటాడు, తల ఎత్తడు. పిల్లల్ని గూడా దగ్గరికి రానీయడు.”

“వయసైందిగా, కాలక్షేపం చేసుకోనీ” అన్నాను.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “కాలక్షేపం అయితే నీ దగ్గరికి ఎందుకొస్తా? ఎవరో ఆడమనిషితో మాట్లాడతన్నాడు. మేం రాగానే ఆపేస్తాడు. మా అమ్మీ రెండుసార్లు విన్నది. ఉస్తాద్, ఉస్తాద్ అంటదంట ఆమె. మా అమ్మీ పదిరోజుల్నుంచి ఆయనతో మాట్లాడతల్లా. ఈ వయసులో మా ఇంట్లో ఇదేంది బాబాయ్? నలుగురికీ తెలిస్తే నేను షెడ్డులో కూర్చోగలనా?”

వాళ్ల ఇల్లు నాపరాతి గోడల పాత ఇల్లు. లోపల టవరు సిగ్నల్ నిలవదు. పైగా ఆయన పెద్ద ఫోనులో సిమ్ లేదు, ఇంటి వైఫై మీదే నడుస్తుంది. మాటలకు వేరే చిన్న ఫోను ఉంది. అంటే తీగ ఊడదీస్తే చాలు. సోమవారం పొద్దున్నే స్తంభం ఎక్కాను. రెండు నిమిషాల పని. జాయింటరు నిచ్చెన పట్టుకోను అన్నాడు. నిజంగానే పట్టుకోలేదు, రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడు.

నేనిక్కడ చేసిన పొరపాటు మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకే అర్థం కాలేదు. పదో తరగతి పిల్లాడి దగ్గర నడిచే అబద్ధాన్ని, నలభై ఏళ్లుగా ఫాల్టులే వెతుకుతున్న మేస్త్రి దగ్గర నడపాలని చూశాను.

తొమ్మిదిన్నరకల్లా ఆయన ఎక్స్చేంజికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో సంచి. బెంచీ మీద కూర్చుని కంప్లైంటు రాయించాడు. నంబరు కాగితం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ఫాల్టుల చరిత్రలో కంప్లైంటు నంబరు పుట్టడం అదే మొదటిసారి.

“ఎర్ర లైటు వచ్చిందయ్యా. ఏందంటారు?” అన్నాడు.

“రోడ్డు పనోళ్లు జేసీబీతో కేబులు లేపేశారు మేస్త్రీ” అన్నాను.

“ఏడ లేపారు?”

నోటికొచ్చిన చోటు చెప్పాను.

“ఎంత లోతులో ఉంటది కేబులు? రెండు వైపులా తెగిందా, ఒక వైపేనా? అతికించడానికి మిషను పెడతారు గదా, మిషను బాగుందా?” అని వరసగా అడిగాడు. ఆయన దెబ్బలాడటానికి అడగడం లేదు. తన పని లాంటి పని కనబడితే పనివాడికి కలిగే ముచ్చటతో అడుగుతున్నాడు. నేను ఒక అబద్ధానికి పక్కన ఇంకొకటి చేరుస్తూ పోయాను. వెళ్తూ వెళ్తూ, “సాయంత్రానికి వస్తదా? ఒకామెకి చెప్పాల్సిన మాట ఉంది. సగంలో ఆగింది” అన్నాడు.

ఒకామె! కుర్రాడు చెప్పింది నిజమేనని నాకు రూఢి అయిపోయింది. అంత వయసు మనిషి సిగ్గు లేకుండా నా ముందే అనేశాడని లోపల ఈసడించుకున్నాను కూడా.

మంగళవారం మళ్లీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఈసారి కేబులు గురించి అడగలేదు. “మీ ఆఫీసు నెట్టు ఒక్క పది నిమిషాలు ఇప్పించయ్యా. ఈ బెంచీ మీదే కూర్చుని మాట్లాడతా. మీ ఎదురుగానే” అన్నాడు.

“బయటోళ్లకి ఇవ్వకూడదు మేస్త్రీ, రూల్సు ఒప్పుకోవు” అన్నాను.

మా జనరేటర్ కోసం ఎండనక వాననక వచ్చిన మనిషికి నేను రూల్సు చెప్పాను. ఆయన తల ఊపి లేచాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు నాకు కొత్త కాదు. రెండేళ్ల కింద ఆ వణుకు మొదలయ్యాకే ఆయన ఒక రైతు ఇంజన్‌ని విప్పి బిగించి, లోపల ఒక గుడ్డముక్క మరచిపోయాడు. ఇంజన్ పట్టేసింది. ఆ రైతు షెడ్డుకు వచ్చి నానా మాటలూ అన్నాడు. కొడుకు అందరి ముందూ, “రేపట్నుంచి మా అబ్బా చెయ్యి పెట్టడు, నాదీ పూచీ” అని సర్దిచెప్పాడు. ఆయన మర్నాడు షెడ్డుకు రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆయనకు విశ్రాంతి ఇచ్చామని కొడుకు అనుకున్నాడు. ఊరు కూడా అలాగే అనుకుంది, నాతో సహా.

బుధవారం ఆయన పదింటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. సంచి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“మా పక్కింటోళ్లకి నెట్టు వస్తంది.”

“వాళ్లది వేరే కేబులు మేస్త్రీ.”

“అదే స్తంభం నుంచి, అదే డబ్బాలోంచి పోయింది. నిన్న స్తంభం స్తంభం పట్టుకుని ఎక్స్చేంజి దాకా నడిచొచ్చా. ఏడా గుంత తవ్విన ఆనవాలు లేదు.” నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. “మళ్లొకసారి చూడండయ్యా. మీరు నికరంగా చూస్తే దొరుకుద్ది.”

మూల కూర్చుని తీగలు శుభ్రం చేసుకుంటున్న జాయింటరు తల ఎత్తకుండానే, “చూడండన్నా” అన్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు బండి ఆగింది. మేస్త్రి కొడుకు. వెనక సీటు మీద ఒకామె. ముప్పై అయిదేళ్లుంటాయి. నల్లరేగడి మట్టి ఆరిన కాళ్లు, చేతిలో పేపరు చుట్టిన పలకలాంటి వస్తువు. లోపలికి వచ్చి, బెంచీ మీద మేస్త్రిని చూసి ఆగిపోయింది. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన అన్న మొదటి మాట ఇది:

“ఇంజన్ మీద గుడ్డ కప్పావా అమ్మా?”

“కప్పా ఉస్తాద్. పైన పరదా గూడా కట్టా. మీరు ఉన్నట్టుండి మాయమైపోయారు. ఏవన్నా అయిందేమోనని నాకు రెండ్రోజుల్నుంచి అన్నం సయించలా” అంటూ ఆమె ఏడ్చేసింది.

ఆమెది మాచవరం అవతల ఒక పల్లె. భర్త నడుము దెబ్బ తిని మంచాన పడ్డాడు. సొంత ట్రాక్టరు తనే తోలుతోంది. మిరప నాట్ల ముందు ఇంజన్ మొరాయించింది. అక్కడి మెకానిక్కులు సీజన్లో పది రోజులు ఆగమన్నారు. ట్రాక్టరు రిపేరు వీడియోల కింద రైతులు అడిగే ప్రశ్నలకు ఎవరో ఓపిగ్గా జవాబులు రాస్తుంటే చూసి, ఆయన్నే అడిగింది. ఆయన వీడియో కాల్‌లో చూసి చెబుతూ ఆమె చేతే ఇంజన్ పైభాగం విప్పించాడు. హెడ్డు అనే ఆ పైభాగం కింద పలకలా ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది, కొత్తది తెచ్చుకోమన్నాడు. పేపరు చుట్టి ఆమె చేతిలో ఉన్నది అదే. తను చెప్పేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నాడు. ఆ మర్నాడే నేను స్తంభం ఎక్కాను. మాటలన్నీ నెట్టు మీదే, ఆమె దగ్గర ఆయన ఫోను నంబరు లేదు, ఆయన దగ్గర ఆమెదీ లేదు. గురజాల, దాచేపల్లి రోడ్డు అన్న రెండు మాటలు గుర్తుపెట్టుకుని, పిడుగురాళ్లలో బస్సు మారి, కనబడిన షెడ్డులోనల్లా అడుగుతూ వచ్చింది. మూడో షెడ్డు కొడుకుదే.

కొడుకు నాకు తర్వాత చెప్పాడు. ఆమె వాణ్ణి కిందికీ పైకీ చూసి, “నువ్వు ఆయన కొడుకువా? అయితే నీకు చానా తెలిసుంటది. ఆయన పక్కన పెరిగినోడివి గదా, అదృష్టం” అన్నదట.

అందుకే వాడు మొహం మాడ్చుకుని వచ్చాడు. వాళ్ల నాన్న వింటున్నాడన్న సంగతి కూడా మరచి, “బాబాయ్, ఆ తీగ వెంటనే తగిలించెయ్” అన్నాడు.

అనేశాక వాడికి తెలిసొచ్చింది. నేను అప్పుడైనా వాడి మీదికి నెట్టేసి తప్పుకోవచ్చు. అలా చేయలేదని ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. చేసిన పని మాత్రం సిగ్గుపడాల్సిందే.

“కేబులు తెగలేదు మేస్త్రీ. సోమవారం పొద్దున నా చేత్తో నేనే ఊడదీశా. మూడ్రోజులూ నీకు చెప్పిందంతా అబద్ధం” అన్నాను.

“తెలుసు” అన్నాడాయన. “మంగళవారమే తెలుసు. ఆ డబ్బా మూత చుట్టూ దుమ్ము పేరుకుని ఉంటది. నాలుగు వేళ్లు పడ్డ చోట మాత్రం నున్నగా ఉంది. మేడ మీంచి కనబడింది.”

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు?”

“అడిగితే ఎవరు ఊడదీయమన్నారో నువ్వు చెప్పాల్సొస్తది. ఆఫీసులో నలుగురి మధ్య మా వాడి పేరు వస్తది.” కొడుకు వైపు చూడకుండా అన్నాడు. “నువ్వంతట నువ్వే తగిలిస్తావని కూర్చున్నా. ఈమె సంగతి తలుచుకుని మాత్రం నాకు కాళ్లు నిలవలా.”

కొడుకు తండ్రి ముందుకు వచ్చి నిలబడ్డాడు. “ఫోన్లో ఏం చేస్తన్నావో ఒక్క మాట మాకు చెప్పొచ్చుగా అబ్బా?”

“నువ్వు అడిగావా బేటా?” అన్నాడాయన. గొంతు పెంచలేదు. “రెండేళ్లల్లో అన్నం తిన్నావా, మందులేసుకున్నావా అని తప్ప ఇంకొక్క మాట నన్ను ఎవురన్నా అడిగారా? గుడ్డముక్క మర్చిపోయింది నేనే. చేతులు పోయినయ్యి, ఒప్పుకుంటా. తలకాయ గూడా పోయిందనుకున్నారు మీరు. ఆ ఫోన్లో ఎక్కడెక్కడోళ్లో, కృష్ణ అవతలోళ్లు గూడా, ఉస్తాద్, ఇదేంటి, ఉస్తాద్, అదేంటి అని అడుగుతారు. పొద్దున లేచేటప్పటికి నా కోసం పది మంది కాసుకుని ఉంటారు. ఎట్టా లేచేది నేను దాంట్లోంచి?”

నేను ఎన్ని ఇళ్ల తీగలు ఊడదీశానో లెక్క లేదు. ఆ ఇళ్లలో ఒక్కరినైనా, వాడు అందులో ఏం చూస్తున్నాడమ్మా, ఎందుకు చూస్తున్నాడు అని అడిగిన పాపాన పోలేదు. జబ్బు తీగలో ఉందనుకున్నాను. తీగకు రెండు చివర్లుంటాయని, ఈ చివర ఇంట్లో పలకరింపు లేనప్పుడే మనిషి ఆ చివరకు పోయి కూర్చుంటాడని, నాలాంటి తీగల మనిషికే తట్టలేదు.

మా మేడమ్ ఎప్పుడు గదిలోంచి బయటికి వచ్చారో చూసుకోలేదు. నా కూతురి వయసు ఆఫీసరు. అంతా విన్నారు. “ముందు లైను ఇవ్వండి. మిగతాది తర్వాత” అన్నారు.

ఈసారి నిచ్చెన జాయింటరే తెచ్చాడు. పట్టుకుని నిలబడ్డాడు కూడా. దిగాక కంప్లైంటు మూయాలి, కారణం రాయాలి. ‘రోడ్డు పనుల్లో కేబులు తెగినది’ అని రాస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ‘లైన్‌మన్ స్వయంగా ఊడదీసినాడు’ అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు మేడమ్ నాకు మెమో ఇచ్చారు. తన చేత్తో ఇచ్చి, కుర్చీ చూపించి, టీ తెప్పించారు. “మీరు రాసింది చదివాను కాబట్టి టీ. మీరు చేసింది తెలుసు కాబట్టి మెమో” అన్నారు. సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. ప్రశంసా పత్రాలతో పాటు అదే ఫైల్లో దాచుకున్నాను. చూడాలనుకున్నవాళ్లకు అదే ముందు చూపిస్తాను.

అమ్మ ఫాల్టులు ఆ రోజుతో ఆగిపోయాయి. తర్వాత కూడా వేపచెట్టు కిందికి తల్లులు వస్తూనే ఉన్నారు. నేను వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, “పిల్లోడు దాంట్లో ఏం చూస్తన్నాడో పక్కన కూర్చుని ఒక్కరోజు చూడమ్మా, ఆ తర్వాత రా” అనేవాణ్ణి. కొందరు తిట్టుకుంటూ పోయారు. తిరిగొచ్చి మళ్లీ ఊడదీయమని అడిగినవాళ్లు మాత్రం పెద్దగా లేరు. అందరి ఇళ్లూ బాగుపడ్డాయని నేను చెప్పను. నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్క ఇల్లే.

ఆ బుధవారం సంగతి ఇంకా ఉంది. లైను వచ్చింది గనక ఫోనులో చెప్పి పని కానిచ్చెయ్యొచ్చు. కానీ మేస్త్రి ఫోను తీయలేదు. కొడుకుతో, “ట్రాలీ ఆటో మాట్లాడు. ఇంటికి పోయి మీ అమ్మీని గూడా ఎక్కించుకుని రా. ఆ ఆడమనిషి ఎవరో ఆమె గూడా చూడాలి గదా” అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనబడింది. తర్వాత నా వైపు తిరిగాడు. “నువ్వు గూడా రావాలయ్యా. ఫాల్టు పెట్టినోడివి, పని అయ్యేది చూడొద్దా?”

సగం రోజు సెలవు రాసి ఎక్కాను.

ఆ పల్లెలో వాకిట్లో ట్రాక్టరు, దాని మీద పరదా. పక్కన దుప్పటి పరిచి, విప్పిన ప్రతి సామానూ విప్పిన వరసలోనే పేర్చి ఉంది. బోల్టులు ఒక అట్టముక్కకు గుచ్చి, ఏది ఎక్కడిదో బొగ్గుతో గుర్తులు పెట్టింది ఆమె. మేస్త్రి భార్య అంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. అరుగు మీద మంచంలో ఉన్న ఇంటాయన్ని చూసింది. చివరికి భర్తతో దాదాపు రెండు వారాల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

“ఈ మాట నాకు చెప్తే ఏం పోయింది?”

“నీకు ఇంజన్ ఆయిలు వాసనే గిట్టదు గదా.”

“వాసన గిట్టదన్నా. నీ మాట గిట్టదన్నానా ఎప్పుడన్నా?” అని ఆమె విసురుగా పోయి, మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది.

మేస్త్రి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వణికే చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఏదీ ముట్టుకోలేదు. ఆమె ఇంజన్ లోపల శుభ్రంగా తుడిచింది. కొత్త గ్యాస్కెట్ పెట్టబోతుంటే ఆపాడు.

“గుడ్డలు లెక్కపెట్టు అమ్మా. తుడవడానికి ఎన్ని తీసుకున్నావో అన్నీ బయట ఉన్నయ్యా?”

“అయిదు ఉస్తాద్. అయిదూ ఉన్నయ్యి.”

“నేనొకసారి లెక్కపెట్టలా” అన్నాడు. కొడుకు పక్కనే ఉన్నాడు. తల వంచుకున్నాడు.

గ్యాస్కెట్ పడింది. కొడుకూ ఆమే కలిసి బరువైన హెడ్డు ఎత్తి దాని మీద కూర్చోబెట్టారు. ఇక బోల్టులు బిగించాలి. ఆమె స్పానరును మేస్త్రి కొడుకు చేతికి ఇచ్చింది. వాడికి పన్నెండో ఏట నుంచి అదే పని. ఇలాంటి హెడ్డులు ఎన్ని వందలు బిగించి ఉంటాడో. షెడ్డులో చేరిన పిల్లలకు మొదటి నెలలో నేర్పేది ఏ బోల్టు తర్వాత ఏది బిగించాలన్న ఆ వరసే. మాటలు చెబుతూ, అటు చూస్తూ కూడా వాడు బిగించెయ్యడం నా కళ్లతో నేను చూశాను.

వాడు స్పానరు పట్టుకుని ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని తండ్రి వైపు తిరిగాడు.

“ఏ బోల్టు నుంచి మొదలెట్టాలి అబ్బా?”

నేను మేస్త్రినే చూస్తున్నాను. కొడుక్కి తెలుసని ఆయనకు తెలుసు. ఆయన కాసేపు వాడి మొహంలోకి చూశాడు. కళ్లు తడిశాయి, తుడుచుకోవడానికి చేతులు బయటికి తీయలేదు. కృష్ణ అవతల ఎవరో కొత్త రైతుకు చెబుతున్నంత ఓపిగ్గా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

“నడిమధ్యలోది పట్టుకో బేటా. కొంచెమే తిప్పు. ఆమ్మట దాని ఎదురుది...”